సూచౌ పట్టుపురుగులకు శెట్టి ఇచ్చిన హారతి

చైనా వెళ్ళి వచ్చిన మనిషిని చింతామణి సంతలో ఎవరూ క్షేమం అడగరు. "పామును తింటివా, లేదా?" అని అడుగుతారు. తినలేదంటే నమ్మరు. తిన్నానంటే ఇంట్లోకి రానివ్వరు. ఒకరికి చెప్పి, పదిమందికి చెప్పి, నోరు నొప్పి పుట్టి, ఇక లాభం లేదని కాగితం పట్టుకున్నాను. అంత దూరం వెళ్ళనివాళ్ళు చదువుకోవచ్చు. చదివాక కూడా పాము సంగతి ఎత్తితే మాత్రం నేను మర్యాదగా మాట్లాడను.

వెళ్ళింది ముగ్గురం. బెంగళూరు చిక్కపేటలో పట్టు వ్యాపారం చేసే ఒక సేటు మమ్మల్ని షాంఘైలో తన కొట్టుకు పంపాడు. నాది జంగమకోటె. మా ఇంట్లో తాతల నాటి నుంచి పట్టుపురుగులు మేపుతారు, కాబట్టి దారం మంచిచెడ్డలు చూసే పని నాకిచ్చారు. నంజుండ శెట్టిది చింతామణి. కోమట్ల బిడ్డ, లెక్కలు అతనివి. గంగులప్పది బాగేపల్లి పక్క పల్లె. రైతు. మూటలు కట్టించి ఓడకెక్కించే పని అతనిది. చైనా పట్టు చౌకగా వచ్చిపడే కదా మన పట్టుగూళ్ళ ధర మన్నుకొట్టుకుపోయింది! మా నాయన మల్బరీ తోట పీకేసి రాగులు చల్లుదామా అని ఆలోచిస్తుంటే, కొడుకునైన నేను ఆ చైనా పట్టునే ఏరి ఏరి పంపే ఉద్యోగంలో చేరాను. ఏం చేస్తాం, పొట్ట తిప్పలు. ఆ దేశం మీద నాకు లోపల కోపంగానే ఉండేది. దాచుకోను.

ఇదంతా అక్కడ యుద్ధం రాకముందు మాట. వసంతం చివర్లో కొట్టుకు కొద్దిరోజులు సెలవు దొరికింది. మాతో పనిచేసే షెన్ అనే చైనా గుమాస్తా మమ్మల్ని తన ఊరికి రమ్మన్నాడు. ఆ ఊరు సూచౌ. ఎప్పటిదో పాత పట్నం. పైన స్వర్గం, కింద సూచౌ అని వాళ్ళకొక సామెత. షెన్‌కు ఇంగ్లీషు వచ్చు. మాకు వచ్చీరాని ఇంగ్లీషు. మాట తక్కువపడిన చోట చేతులు ఉండనే ఉన్నాయి.

"స్వర్గమని వాళ్ళంటే సరిపాయెనా? మడి యాడ, మంచినీళ్ళు యాడ?" అని శెట్టి సణిగాడు. అయినా అందరికంటే ముందు సంచి సర్దుకున్నది అతనే.

నీళ్ళ వీధులు

పొద్దున రైలెక్కితే ఎండ ముదరకముందే సూచౌలో దిగాం. ఊరి చుట్టూ కోట గోడ, గోడ చుట్టూ కాలువ. గోడలో మనుషులకొక వాకిలి, పడవలకొక వాకిలి. లోపలికి వెళ్తే సగం వీధులు నీళ్ళే. ఇంటి ముందు గుమ్మం వీధిలోకి, పెరటి గుమ్మం కాలువలోకి. పెరట్లో మెట్లు దిగి ఒకామె బియ్యం కడుగుతోంది. పక్క మెట్ల మీద ఇంకొకామె బట్టలు ఉతుకుతోంది. ఆ పక్కన మూడో ఆమె చేస్తున్న పని ఇక్కడ రాయను. శెట్టి చూసి కళ్ళు మూసుకున్నాడు. గంగులప్ప మాత్రం వంతెన మీద నిలబడి కదలడే!

"చూడప్పా కిష్టప్పా," అన్నాడు నాతో. "మా చిత్రావతిలో ఇసుక తోడితోడి చేతులు పోతాయి, చెంబెడు నీళ్ళకు. వీళ్ళకు గడప దాటితే నీళ్ళు. దేవుడు పంచేటప్పుడు మన వంతుకు నిద్రపోయినాడు."

"నిద్రపోలేదు. మీ బాగేపల్లోళ్ళను చూసి భయపడినాడు," అన్నాను.

పడవలు ఆడవాళ్ళు నడుపుతారు. వీపున బిడ్డను కట్టుకుని, వెనక నిలబడి ఒకే తెడ్డును అటూ ఇటూ ఆడిస్తుంటే పడవ చేపలా పోతుంది. ఊరంతా తిప్పి ఆమె అడిగింది గుప్పెడు రాగి నాణేలు. ఆ డబ్బుకు చిక్కబళ్ళాపురంలో జట్కావాడు స్టేషను దాటించడు.

మధ్యాహ్నం ఒక అంగట్లో గోధుమ సేమ్యా తిన్నాం. వేడి పులుసులో పొడుగ్గా చుట్టి వేస్తారు. రెండు పుల్లలతో ఎత్తి నోట్లో పెట్టుకోవాలి. నేను ఎత్తితే జారి మళ్ళీ గిన్నెలోనే పడింది, పులుసు చొక్కా మీదికి చిమ్మింది. అంగడివాడు నవ్వీ నవ్వీ చివరికి జాలిపడి ఒక గరిటె ఇచ్చాడు. గంగులప్ప నా గిన్నె, తన గిన్నె రెండూ ఖాళీ చేసి, పక్క బల్ల మీది మనిషి ఏం తింటున్నాడో చూపించి అది కూడా తెప్పించుకున్నాడు. అదేమిటని నేను అడగలేదు, అతను చెప్పలేదు.

శెట్టి వీధి అరుగు మీద కూర్చుని పప్పుల పొడి, బెల్లం నములుతున్నాడు. ఇల్లు వదిలినప్పటి నుంచి అతనిది ఇదే వరస. షాంఘైలో తన వంట తానే చేసుకునేవాడు. ఊరు దాటితే పొడులు, అటుకులు, తను కాచుకున్న నీళ్ళు. పరాయి చేతి మెతుకు ముట్టనని తల్లి ఎదుట చెంబు పట్టుకుని చెప్పి వచ్చాడట. మేమిద్దరం ఎంత ఏడిపించినా అతను వినలేదు. విననందుకు లోపల నాకు కొంచెం గౌరవమే.

అమ్మవారి కోసం వెతుకులాట

శెట్టి తల్లి ఇంకొక పని కూడా చెప్పి పంపింది. సముద్రం దాటి పోతున్నావు, అక్కడ ఏ అమ్మవారు కనబడినా ఒక్క హారతి ఇచ్చి రా నాయనా అని, ముద్దకర్పూరం పొట్లం కట్టి ఇచ్చింది. అది అతని నడుము సంచిలో అగ్గిపెట్టెతో సహా ఎప్పుడూ సిద్ధం. షాంఘైలో ఉన్నన్ని నెలలూ అమ్మవారు కుదరలేదు. సూచౌలోనైనా దొరకాలని శెట్టి పట్టు.

షెన్ మమ్మల్ని పులికొండ అనే గుట్ట మీదికి తీసుకెళ్ళాడు. అక్కడ ఇటుకల గోపురం ఒకటి పక్కకు ఒరిగి నిలబడింది. ఎన్నో వందల ఏళ్ళుగా అట్లాగే ఉందట. గంగులప్ప దాని నీడలోకి రానన్నాడు. తర్వాత ఒక పెద్ద గుడికి వెళ్ళాం. లోపల బంగారు పూత పూసిన సాధువుల బొమ్మలు వందలకొద్దీ, వరసలు వరసలుగా. ఒకరి ముఖం ఒకరికి లేదు. ఒకాయన నవ్వుతున్నాడు, ఒకాయన అలిగాడు, ఒకాయన మా జంగమకోటె పటేలులాగా ముక్కు ఎగరేశాడు.

శెట్టి అన్ని వరసలూ తిరిగి వచ్చాడు. "ఇంతమంది మగోళ్ళే ఉండారు. ఒక్క అమ్మవారు లేదేమప్పా ఈ ఊళ్ళో?"

ఒక తల్లి ఉందని, అయితే ఆమె మంటపానికి మరమ్మతు చేస్తున్నారని, తలుపులు వేశారని షెన్ చెప్పాడు. శెట్టి ముఖం వాడిపోయింది. పొట్లం తడిమి చూసుకుని మళ్ళీ లోపల పెట్టుకున్నాడు.

సాయంత్రం టీ అంగట్లో కూర్చున్నాం. పాలు లేవు, బెల్లం లేదు. ఎండుటాకు మీద మరిగిన నీళ్ళు పోసి ఇస్తారు. మొదటి గుక్కకు కషాయంలా ఉంది. రెండో కప్పుకు నోటికి పట్టింది. ఒక మగమనిషి, ఒక ఆడమనిషి తంతి వాయిద్యాలు పట్టుకుని కథ చెబుతున్నారు, మధ్యలో పాట. జనం పుచ్చగింజలు ఒలుచుకుంటూ వింటున్నారు. మన హరికథే అనుకోండి, దాసుగారు మాత్రం కూర్చునే చెబుతాడు, గజ్జెలు లేవు. ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా ఒకచోట ముసలివాళ్ళు కళ్ళు తుడుచుకుంటే నేనూ కప్పు కింద పెట్టాను.

ఎర్ర కాగితం అంటించిన తలుపు

మర్నాడు షెన్ తన మేనత్తను చూపిస్తానని పడవ మీద ఊరి బయటి పల్లెకు తీసుకెళ్ళాడు. తల్లి లేని షెన్‌ను ఆమే పెంచిందట. దారిలో లొకాటు పండ్లు కొన్నాం. మన నందికొండ తోటల్లో కాస్తాయే, అవే. ఇక్కడివి గుండ్రంగా, తియ్యగా ఉన్నాయి. గట్ల మీద మల్బరీ చెట్లు. మనలాగా నడుమెత్తు పొదలు కావు. పిడికిలి బిగించినట్టున్న మొద్దుల మీద నుంచి కొమ్మలు లేచి ఉన్నాయి. నా కళ్ళు వాటి మీదే.

పడవ ఆగాక షెన్ ఒక మాట గట్టిగా చెప్పాడు. "ఇది పురుగుల నెల. ఈ నెలలో ఎవరింటికీ ఎవరూ వెళ్ళరు. చుట్టాలు కూడా వెళ్ళరు. నేను పెరటి వైపు నుంచి అత్తను పిలుస్తాను. మీరు ఇక్కడే ఉండండి."

ఉంటామనే చెప్పాం. ఉండాల్సింది కూడా. అయితే ఆ ఇంటి తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల నుంచి చినుకులు ఆకుల మీద పడుతున్నట్టు ఒక చప్పుడు. పట్టుపురుగులు మేస్తున్న చప్పుడు! ఇల్లు విడిచి వచ్చాక ఆ చప్పుడు వినలేదు నేను. మా అమ్మ చేతి తట్ట గుర్తొచ్చింది. కాళ్ళు వాటంతట అవే వెళ్ళాయి. గడప దగ్గర చెప్పులు విడిచాను. మన ఇళ్ళలోలాగా, పురుగులకు రోగం అంటకుండా, తొక్కి వెళ్ళడానికి సున్నం చల్లారా అని కూడా చూశాను. లోపలికి పోకూడదు, గడప మీద నుంచి ఒక్క చూపు చూసి వచ్చేస్తాననుకున్నాను.

ఆ తలుపుకు ఎర్ర కాగితం అంటించి ఉంది. పురుగులున్నాయి, రావద్దు అని దాని అర్థం. శెట్టికి అది తెలియదు. మన వైపు గుమ్మానికి రంగు కనిపిస్తే శుభకార్యం, వచ్చినవాళ్ళకు తాంబూలం. పైగా చింతామణి బజారులో పుట్టి పెరిగిన శెట్టి ఎన్నడూ పురుగులింటి గడప తొక్కినవాడు కాదు.

నేను గడప మీద ఒరిగి తట్టలు చూస్తున్నాను. మెట్లు మెట్లుగా కట్టిన వెదురు తట్టలు. పురుగులు నాలుగో జ్వరానికి దగ్గరపడ్డట్టున్నాయి. అక్కడక్కడ కొన్ని మేత మాని తల ఎత్తాయి. జ్వరమంటే నిజం జ్వరం కాదు. పురుగు చర్మం విడిచే ముందు తిండి మాని కదలకుండా కూర్చుంటుంది. దాన్ని మనవాళ్ళు జ్వరమంటారు. అట్లా లెక్క వేసుకుంటుంటే వెనక నుంచి "అమ్మా, తల్లీ!" అని శెట్టి గొంతు వినిపించింది.

గోడకు ఒక పటం. రంగుల కాగితం మీద పట్టు బట్టలు కట్టుకున్న దేవత, పక్కన గుర్రం. వాళ్ళ పట్టుపురుగుల తల్లి ఆవిడ. శెట్టి నా పక్క నుంచి దూరి లోపలికి వెళ్ళి, పటం ముందు చేతులు జోడించి నిలబడ్డాడు. కళ్ళలో నీళ్ళు. నేను "శెట్టీ, వద్దప్పా!" అనేలోపే అగ్గిపుల్ల భగ్గుమంది. అరచేతిలో లొకాటు ఆకు, ఆకు మీద కర్పూరం బిళ్ళ, దాని మీద మంట. నల్లని పొగ తట్టల మీదికి పోతోంది. అతను మాత్రం మంత్రం చదువుతూ హారతి తిప్పుతున్నాడు!

నా పైప్రాణాలు పైనే పోయాయి. పురుగులింట్లో కర్పూరమా! మా ఇంట్లో అగరువత్తి వెలిగించినవాడిని మా అవ్వ చీపురుతో తరిమేది. ఒక్క దూకు దూకి అతని చెయ్యి పట్టి బయటికి లాగాను. మంట కింద పడితే కాలితో తొక్కాను. చెప్పుల్లేని కాలు అని అప్పుడు గుర్తొచ్చింది.

అప్పటికే పెరటి తలుపు దగ్గర ఒక ముసలామె నిలబడి ఉంది. ఆమె వెనక షెన్.

జ్వరమా, పొగా?

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. కిటికీలు తెరిచింది. తాటాకు విసనకర్రలు తెచ్చి షెన్‌కు ఒకటి, తన కోడలికి ఒకటి ఇచ్చి పొగను నీళ్ళ వైపు విసరమంది. పాత ఆకు తీసి కొత్త ఆకు వేసింది. పటానికి దగ్గరగా ఉన్న తట్టలో పురుగులు మెలికలు తిరిగాయి. కొన్ని పచ్చనీళ్ళు కక్కాయి. మిగతా తట్టల్లో కక్కలేదు. కాని కొత్త ఆకును ముట్టడం లేదు. ఒక్కొక్క తట్టలో చినుకుల చప్పుడు తగ్గుతూ వచ్చి, మధ్యాహ్నానికి ఇల్లు నిశ్శబ్దమైపోయింది.

మనకు ఒక పంట పోతే రెండు నెలలకు ఇంకొక పంట. ఆ సీమలో వసంతం పంటే పంట. ఈ గూళ్ళు అమ్మితేనే అత్త ఇంట్లో ఏడాది బియ్యం. ధరలు అక్కడ కూడా పడిపోయాయని, పక్కింటివాళ్ళు పోయిన ఏడే మల్బరీ చెట్లు నరికేశారని అత్త అంటే షెన్ ఇంగ్లీషులో చెప్పాడు. ఆ మాటకు నా పాత కోపం ఎటు పోయిందో తెలియదు. మా నాయన ఏ దేశాన్ని తిడుతున్నాడో ఆ దేశంలో ఈమె కూడా మా నాయన మాటలే అంటోంది.

"పొగ వల్లే మేత మానాయా?" అని షెన్ నన్ను అడిగాడు. "నీకు పురుగులు తెలుసు కదా. చెప్పు."

"చూడాలి. చూస్తే చెప్పగలనేమో," అన్నాను.

అత్త నన్ను తేరిపార చూసింది. కాళ్ళు, చేతులు కడుక్కుని వచ్చి ఆకు తుంచి, పురుగును వేళ్ళతో పట్టకుండా ఆకు మీదికి ఎక్కించుకున్నాను. అది చూసి ఆమె ముఖంలో గట్టిదనం కొంచెం సడలింది. వీడి ఇంట్లోనూ పురుగులున్నాయని ఆమెకు తెలిసిపోయింది. పక్కకు జరిగి నన్ను తట్టల మధ్యకు రానిచ్చింది.

ఇద్దరం ఒక్కొక్క తట్టా చూశాం. చాలా పురుగులు తల ఎత్తి కదలకుండా ఉన్నాయి. ఒళ్ళు బిగిసి మెరుస్తోంది. అది జ్వరం గుర్తే. కాని కొన్ని తల వాల్చి ఉన్నాయి. అది మంచి గుర్తు కాదు. నేను నాలుగు వేళ్ళు చూపించి, నుదుటి మీద చెయ్యి పెట్టుకుని జ్వరమన్నట్టు చూపించాను. ఆమెకు అర్థం కాలేదు. తర్వాత ఆమే నాలుగు వేళ్ళు చూపించి, చెంప కింద అరచెయ్యి పెట్టుకుని కళ్ళు మూసుకుంది. వాళ్ళు దాన్ని నిద్ర అంటారట, నాలుగోది పెద్ద నిద్ర. ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టుకుని చూసింది, నేను చెంప కింద చెయ్యి పెట్టుకుని చూశాను. నిద్రో, జ్వరమో, పొగో ఇద్దరికీ తెలియదు. అవి లేస్తే లేచినట్టు. లేవకపోతే ఏం చెయ్యాలో ఆలోచించడానికి కూడా నాకు ధైర్యం లేదు.

మర్నాటికి మా సెలవు అయిపోయింది. రైలు దాని దారిన అది పోయింది. మేం పడవలోనే ఉండిపోయాం. వదిలి పోవడానికి ఎవరికీ కాళ్ళు రాలేదు. గంగులప్పను నిలబెడితే నిలవడు కదా, కోడలితోపాటు మల్బరీ చెట్లెక్కి ఆకు కోశాడు, నీళ్ళు మోశాడు, ఎవరూ అడక్కుండానే కట్టెలు చీల్చాడు.

"చేతులు కాలినాక ఆకులు పట్టుకుంటే ఏమి ఫలమప్పా?" అన్నాను విసుగ్గా.

"నువ్వు గమ్మున ఉండు. ఆకులన్నా పట్టుకుంటాండా నేను. నువ్వేమి చేస్తాండావు?" అన్నాడు. నేనూ ఒక గంప అందుకున్నాను.

శెట్టి వాకిట్లో మల్బరీ మొద్దు కింద కూర్చున్నాడు. పొద్దున పప్పుల పొడి సంచి విప్పలేదు. మధ్యాహ్నం విప్పలేదు. సాయంత్రం నేనే విప్పి ముందు పెట్టాను.

"తినప్పా. నువ్వు పస్తుంటే పురుగులు లేస్తాయా?"

"అవి తినలేదు కదప్పా," అన్నాడు. "నా చేత్తో వాటి నోరు కట్టేస్తిని. అవి తినేదాకా నేను తినను. నీళ్ళు తాగుతాండాను, చాలు."

"మీ అమ్మకు నేనేమి చెప్పేది?"

"హారతి ఇచ్చినాడని చెప్పు," అని ముఖం తిప్పుకున్నాడు. ఆ మాటకు నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు. గంగులప్ప కూడా ఎగతాళి చెయ్యలేదు. అతను ఎగతాళి చెయ్యని రోజు నేను చూడటం అదే మొదలు.

గిన్నెడు అన్నం

ఆ తర్వాతి రోజు తెల్లవారి కాలువ మీద మంచు ఇంకా విడలేదు. నేను ముఖం కడుక్కుంటుంటే ఇంట్లో నుంచి అత్త గొంతు వినిపించింది. ఏదో ఒక్క మాట, గట్టిగా. షెన్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఇంగ్లీషు మరిచిపోయి చైనా భాషలోనే ఏదేదో అంటున్నాడు. చెంప కింద చెయ్యి పెట్టి, ఆ చేతిని ఠక్కున తీసి చూపించాడు.

లేచాయి!

నేను కాళ్ళు కడిగానో లేదో గుర్తు లేదు. లోపల తట్టల నిండా విడిచిన చర్మాలు, వాటి పక్కన కొత్త పురుగులు. తలలు పెద్దవయ్యాయి, ఒళ్ళు ముడతలు పడి లేత బూడిద రంగులో ఉంది. ముందు సగం ఎత్తి అటూ ఇటూ ఆడిస్తున్నాయి, ఆకు ఎక్కడా అని అడుగుతున్నట్టు. పటం దగ్గరి తట్టలో మాత్రం సగం పోయాయి. మిగతావన్నీ బతికాయి. అత్త ఆకు చల్లింది. ముందు ఏమీ వినిపించలేదు. నేను తట్ట మీదికి చెవి వంచాను. ఆ తర్వాత ఒక మూల నుంచి చినుకులు మొదలయ్యాయి. ఇంకొక మూల అందుకుంది. కాసేపటికి ఇల్లంతా వాన!

నా కడుపులో పాలు పోసినట్టయింది. ఆ రెండు రోజులూ నా మెడ మీద ఎవరో కూర్చున్నట్టుంది, దిగి వెళ్ళిపోయారు. గంగులప్ప వాకిట్లో కేక పెట్టబోతే కోడలు నోటి మీద వేలు పెట్టి ఆపింది. పురుగులింటి దగ్గర అరవకూడదు. ఆ అరుపు మింగేసి అతను కాలువలో దూకాడు, బట్టలతోనే. ఈత మాత్రం రాదు. నడుము లోతే కాబట్టి బతికిపోయాడు.

శెట్టి మొద్దు కింద నుంచి లేవలేదు. చేతుల్లో ముఖం పెట్టుకుని ఏడుస్తున్నాడు. "తింటాండాయా? నిజంగా తింటాండాయా?" అని అడుగుతూనే ఉన్నాడు. గడప దాకా రమ్మంటే రానన్నాడు. అక్కడి నుంచే విన్నాడు.

ఈయన ఎందుకు తినలేదని అత్త అడిగిందట. షెన్ చెప్పాడు. ఆమె చేతిలోని ఆకుల బుట్ట దించింది. వంటింట్లోకి వెళ్ళి ఒక గిన్నె తెచ్చింది. వేడి అన్నం, పైన ఉప్పులో ఊరిన ఆకుకూర, సోయా చిక్కుళ్ళ పాలు విరిచి చేసిన తెల్లని గడ్డ ముక్కలు. తెచ్చి రెండు చేతులతో శెట్టి ముందు పట్టింది.

వద్దంటాడు. తప్పకుండా వద్దంటాడు. తల్లి ఎదుట చెప్పిన మాట. నేను అడ్డం వెళ్ళి ఏదో సర్దిచెప్పాలని లేచాను. శెట్టి ఆ గిన్నె వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. చొక్కాతో చేతులు తుడుచుకుని, రెండు చేతులా గిన్నె అందుకుని కళ్ళకద్దుకున్నాడు. పుల్లలు రావు కాబట్టి వేళ్ళతోనే కలుపుకుని తిన్నాడు. ఒక్క మెతుకు వదల్లేదు. ఆమె మళ్ళీ వడ్డించింది, అదీ తిన్నాడు.

పడవ ఎక్కేటప్పుడు అత్త షెన్‌తో ఒక మాట చెప్పించింది. "మీ దేవతలకు చెప్పండి, ఈసారి వస్తే హారతి వాకిట్లోనే తీసుకొమ్మని." చెప్పి తనే నవ్వింది. ముందు పళ్ళు రెండే ఉన్నాయి. ఆ నవ్వు చూశాక మాకు స్వర్గం ఏదో, సూచౌ ఏదో తెలియలేదు. మేము తిరిగి చూస్తే ఆమె తలుపు మీద ఎర్ర కాగితం ఊడిన మూల మళ్ళీ అంటిస్తోంది.

షాంఘైలో ఆలస్యానికి సేటు మనిషి చివాట్లు పెట్టాడు. ముగ్గురం నవ్వుతూ విన్నాం. అంత సుఖంగా నేను ఎప్పుడూ చివాట్లు తినలేదు.

చింతామణిలో

ఆ నెల గడిచాక షెన్ ఊరికి వెళ్ళి వచ్చాడు. పంట బాగానే వచ్చిందట. అత్త మా ముగ్గురికీ గూళ్ళు పంపింది. మన గూళ్ళు పసుపుపచ్చ. అవి తెల్లగా, వేరుసెనగ కాయంత పొందికగా ఉన్నాయి. గంగులప్ప తనవి ఓడలో పారేసుకుని ఇప్పటికీ నన్ను అనుమానిస్తున్నాడు. నావి మా నాయనకు ఇచ్చాను. ఆయన చెవి దగ్గర పెట్టి ఆడించి, "మంచి గూడే. ఎవురు మేపినారు?" అన్నాడు. అత్త సంగతంతా చెప్పాను. పక్కింటివాళ్ళు చెట్లు నరికిన సంగతి కూడా చెప్పాను. ఆ తర్వాత మా ఇంట్లో ఆ దేశాన్ని తిట్టడం తగ్గింది. ధరలను మాత్రం తిడుతున్నాం.

మేం తిరిగి వచ్చాక ఆ సీమ మీద యుద్ధం పడింది. సూచౌ మీద బాంబులు వేశారని పేపర్లో చదివాం. షెన్ గురించి గాని, అత్త గురించి గాని తెలుసుకునే దారి లేదు. ఉన్నారనే అనుకుంటున్నాం. పొగలో బతికిన ఇల్లు కదా.

శెట్టికి సముద్రం దాటినందుకు ఇంట్లో ప్రాయశ్చిత్తం చేయించారు. గిన్నెడు అన్నం సంగతి తల్లికి తనే చెప్పుకున్నాడట. ఆమె విని, "వేడిగా పెట్టిందా నాయనా?" అని మాత్రం అడిగిందట. ఈ అన్నం సంగతి రాసుకోమని చెప్పింది కూడా శెట్టే.

మొన్న శుక్రవారం చింతామణి వెళ్ళి అతనింట్లో దిగాను. పూజ వేళ. దేవుడి గూట్లో ఇత్తడి అమ్మవారి పక్కన రెండు తెల్లని పట్టుగూళ్ళు కనబడ్డాయి. శెట్టి కర్పూరం ముట్టించబోయి ఆగాడు. గూళ్ళను చిన్న గుడ్డలో తీసుకుని, వాకిలి దాటి, వీధి అరుగు మీద పెట్టి వచ్చాడు. పూజ గది తలుపు గట్టిగా మూసి, అప్పుడు అగ్గిపుల్ల గీశాడు.

"ఏమప్పా శెట్టీ," అన్నాను, "దాంట్లో పురుగు చచ్చి ఏండ్లాయె కదా. కర్పూరం పొగ తగిలితే ఏమి, తగలకపోతే ఏమి?"

"తెలుసప్పా," అన్నాడు. "అయినా ఆయమ్మ పురుగులు కదా."

హారతి అయ్యింది. పళ్ళెం నాకు చూపించాడు. పొగంతా పోయేదాకా కిటికీ తెరిచి పెట్టి, చేతులు రెండుసార్లు కడుక్కుని, తుడుచుకుని, అప్పుడు వెళ్ళి గూళ్ళను లోపలికి తెచ్చుకున్నాడు.